కరెంటు లైను ఎవరి చేలోంచి?



మిక్సీ తిరగాలన్నా, మేడమీది ట్యాంకుకు నీళ్ళెక్కాలన్నా, పిల్లలు రాత్రిపూట చదువుకోవాలన్నా మనం స్విచ్చి వేస్తే చాలు. ఆ స్విచ్చి దాకా కరెంటు ఏ దారిన వస్తోందో సాధారణంగా ఆలోచించం. రైల్లో వెళ్ళేటప్పుడు చేల మధ్య వరసగా నిలబడిన పెద్ద పెద్ద ఇనప టవర్లను మీరు చూసే వుంటారు. ఆ లైను కొంతదూరం తిన్నగా పోతుంది, ఒకచోట వున్నట్టుండి పక్కకు తిరుగుతుంది. ఆ మలుపు ఎందుకొచ్చింది? తిన్నగా పోయినచోట ఎవరి చేను పడింది? ఈ వేళ ఆ సంగతి చెప్పుకుందాం.

కరెంటు తయారయ్యేది ఒకచోట, వాడుకునేది మరొకచోట. తీగలో కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కి, కొంత విద్యుత్తు దారిలోనే వృథా అవుతుంది. ఇస్త్రీపెట్టెకు సన్నటి వైరు తగిలిస్తే అది వేడెక్కడం మనకు తెలిసిందే. వోల్టేజి రెట్టింపు చేస్తే అదే విద్యుత్తును సగం కరెంటుతో పంపవచ్చు. అప్పుడు తీగలో నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే దూరాలకు 1,32,000, 2,20,000, 4,00,000 వోల్టుల లైన్లు వేస్తారు. మన ఇంటికి వచ్చేసరికి అది 230 వోల్టులకు దిగుతుంది.

అంత వోల్టేజి వున్న తీగను తాకక్కర్లేదు, దగ్గరకు పోయినా ప్రమాదమే. పైగా తీగ కూడా మన దండెం లాంటిదే. తడిబట్టలు వేస్తే దండెం ఎలా కిందికి దిగుతుందో, ఎండకూ కరెంటు వేడికీ సాగి ఆ తీగ అలా కిందికి దిగుతుంది. గాలికి పక్కలకు వూగుతుంది. అందుచేత 4 లక్షల వోల్టుల తీగ ఎంత దిగినా నేలకు 8.8 మీటర్ల పైనే వుండాలి. ఆ లైను కింద 46 మీటర్ల వెడల్పున దారి వదలాలి. 2,20,000 వోల్టుల లైనుకు 35 మీటర్లు, 1,32,000 వోల్టులదానికి 27 మీటర్లు. లెక్క వేసి చూడండి, పెద్ద లైనుకు కిలోమీటరుకు 11 ఎకరాల పైచిలుకు! ఆ మేర ఇల్లు కట్టుకోకూడదు, మామిడి, కొబ్బరి లాంటి ఎత్తయిన చెట్లు పెంచకూడదు. వరి, వేరుశనగ లాంటి పైర్లు వేసుకోవచ్చు. టవరు కాళ్ళ మధ్య నేల మాత్రం దాదాపు పోయినట్టే.

ఇక దారి ఎలా ఎంచుతారో చూద్దాం. రెండు సబ్‌స్టేషన్ల మధ్య పటంమీద తిన్నగా గీత గీస్తే అదే దగ్గరి దారి, చవక దారి కూడాను. కాని ఆ గీత కింద వూళ్ళుంటాయి, బళ్ళు, గుళ్ళు, చెరువులు, అడవులుంటాయి. కాబట్టి పటాలూ, ఉపగ్రహం తీసిన ఫోటోలూ దగ్గర పెట్టుకుని సాధారణంగా మూడు దారులు గీసి పోల్చి చూస్తారు. ఏది ఎంత పొడవు, ఎన్ని మలుపులు, ఎంత అడవి పోతుంది, సామాను చేరవేయడానికి రోడ్డు దగ్గరలో వుందా అని చూస్తారు. ఆ తరవాత మనుషులు ఆ దారి వెంట నడిచి చూసి, కొలతలు తీసి, టవర్లకు గుర్తులు పెడతారు.

"కాస్త పక్కకు జరిపితే ఏం పోయింది?" అనిపిస్తుంది మనకు. తిన్నగా పోయేచోట టవరు తీగల బరువు మోస్తే చాలు. మలుపు దగ్గర రెండువైపుల తీగలూ కలిసి టవరును లోపలి పక్కకు లాగుతాయి. దండెం మలుపు తిప్పి కట్టిన గుంజ ఒరిగిపోవడం చూడలేదూ? అలా ఒరగకుండా మలుపు టవరుకు బరువైన ఇనుము, పెద్ద పునాది కావాలి. మలుపు 2 డిగ్రీల లోపయితే ఏ రకం టవరు, 15 దాకా బీ రకం, 30 దాకా సీ, 60 దాకా డీ. మలుపు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు చివరకు మన బిల్లులోకే వస్తుంది. ఇంకో సంగతి. ఒకరి చేను తప్పిస్తే లైను పక్కవారి చేలోకి వెళుతుంది. భూమిలోంచి కేబులు వేయవచ్చు కదా అంటారా? హైదరాబాదు వంటి నగరాల్లో వేశారు. కాని దానికి ఖర్చు ఎన్నో రెట్లు, చెడితే వెతికి తవ్వి బాగుచేయడమూ కష్టమే.

అయితే లైను వేశాక దారి మార్చడం ఇంకా కష్టం. ఇందుకు బట్టమేక పిట్ట సంగతి చెప్పాలి. మన నంద్యాల జిల్లా రోళ్ళపాడు అభయారణ్యానికి ఒకప్పుడు పేరు తెచ్చిన పిట్ట ఇదే. ఇప్పుడు దేశం మొత్తంమీద 150 లోపే మిగిలాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. చాలా బరువైన పిట్ట. కళ్ళు తలకు పక్కలకు వుండడంవల్ల ఎదురుగా వున్న తీగ దానికి సరిగా కనబడదు, కనబడినా చటుక్కున తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలకు తగిలి ఇవి చనిపోతున్నాయని ఎం.కె. రంజిత్‌సింహ్ మొదలైనవారు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ పిట్టలు తిరిగే మేర లైన్లను వీలైనచోట భూమిలోకి మార్చమని 2021 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఆ మేర చాలా పెద్దది, పెద్ద లైన్లకు అది సాధ్యం కాదని ప్రభుత్వం అన్నది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సవరించి, ఎక్కడ ఏది వీలవుతుందో చూడమని నిపుణుల సంఘాన్ని వేసింది. గీత పటంమీద వున్నప్పుడే ఆలోచించడం ఎంత అవసరమో చూశారా?

పిట్టకు నోరు లేదు. మనకుంది. పట్నంలో కాపురమున్నా మనలో చాలామందికి వూళ్ళో పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరమో, తండ్రి ఆస్తిలో వాటాయో వుంటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికానివారికి 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ వచ్చింది. కాని పాసుపుస్తకంలో అన్నయ్య పేరే వుంటే కొలతలకు వచ్చినవారితో మాట్లాడేదీ, చెక్కు పుచ్చుకునేదీ అన్నయ్యే.

లైను కోసం భూమిని కొనరు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోని అధికారాలను లైను వేసే సంస్థకు ఇవ్వడానికి 2003 విద్యుత్ చట్టం వీలు కల్పించింది. దాని ప్రకారం సంస్థకు వచ్చేది వాడుకునే హక్కే, భూమి యజమానిదే. నష్టం వీలైనంత తక్కువగా చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. టవరు కింది నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది మేరకు 15 శాతం మించకుండా ఇవ్వాలని 2015లో కేంద్రం సూచించింది. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికీ, 30 శాతానికీ పెంచింది. పంటకూ చెట్లకూ ఇచ్చేది వేరే. మీ రాష్ట్రం ఎంత ఇస్తున్నదో కలెక్టరు కచేరీలో కనుక్కోండి. పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జిగారి కోర్టుకు వెళ్ళవచ్చు.

కాబట్టి పుట్టింటికి వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. పాసుపుస్తకంలో మీ వాటా మీ పేర వుందో లేదో చూడండి. చేలో సర్వే గుర్తులు కనబడితే బావి, బోరు, చెట్లు, ఇల్లు ఎక్కడున్నాయో చిన్న పటం గీసి, లైనును గట్టు వైపుకు జరపడానికి వీలుందేమో అడుగుతూ లైను వేసే సంస్థకూ, కలెక్టరుగారికీ మీ సంతకంతో అర్జీ పంపండి. పైరు ఫోటో తీసి వుంచుకోండి. అడిగినవన్నీ జరుగుతాయని చెప్పలేను. కాని పునాది గొయ్యి తవ్వాక అడిగినదానికంటే, గుర్తురాయి పాతినప్పుడు అడిగిన మాటకు విలువ ఎక్కువ.