గీతలు లేని అంకె

చిలకలూరిపేట నుంచి ఒక కిరాణా వ్యాపారి ఉత్తరం రాశారు. ఇన్నాళ్లూ గల్లా పెట్టె, చిట్టా పుస్తకం, క్యాలిక్యులేటర్‌తో నడిపిన కొట్టులో ఈ మధ్యే వాళ్లబ్బాయి కంప్యూటర్ బిల్లింగ్ పెట్టించాడట. "సబ్బును తిన్నగా చూపించినా బీప్ అంటుంది, తలకిందులుగా చూపించినా బీప్ అంటుంది. ఎలా చూపినా అదే సబ్బు, అదే ధర. గీతల్ని వెనక నుంచి చదివితే నంబరు తిరగబడాలి కదండీ? మావాణ్ని అడిగితే, అదంతా మిషన్ చూసుకుంటుంది నాన్నా అంటున్నాడు. ఎలా చూసుకుంటుందో మీరు చెప్పగలరా?" అని ఆయన ప్రశ్న.

ఇంత చక్కటి ప్రశ్న వచ్చి చాలాకాలమైంది. ఆ తెలివి మిషన్‌లో కంటే గీతల్లోనే ఎక్కువగా ఉంది. ఆ గీతల్ని 1970లలో ఎవరో కూర్చుని ఎంత ఆలోచించి గీశారో తెలిస్తే, సబ్బు పెట్టెను మళ్లీ మామూలుగా చూడలేం.

ముందు ప్రాథమిక విషయాలు గబగబా ముగించేద్దాం. గల్లా పెట్టె స్థానంలో వచ్చేవి నాలుగు: ఒక కంప్యూటరో ట్యాబో, స్కానరు, బిల్లు ప్రింటరు, డబ్బుల సొరుగు. స్కానరు పని చాలా చిన్నది. అది గీతల్ని చదివి, మనం కీబోర్డు మీద కొట్టినట్టే 13 అంకెలు కొట్టి ఎంటర్ నొక్కుతుంది. అంతే. ధర గీతల్లో ఉండదు. ఆ 13 అంకెల పక్కన పేరు, ధర, జీఎస్టీ రేటు మనమే ముందుగా కంప్యూటర్‌లోని సరుకుల పట్టికలో ఎక్కించి పెట్టుకోవాలి. సూపర్ మార్కెట్లో కూరగాయలు తూచి అంటించే స్టిక్కరు మాత్రం దీనికి మినహాయింపు. 2తో మొదలయ్యే నంబర్లు దుకాణాల సొంత వాడకానికి వదిలేశారు కాబట్టి అందులో బరువో ధరో ఇరికిస్తారు.

ఇక అసలు కథ. ఏదైనా బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి. దాని మీది కోడ్ పేరు ఈఏఎన్-13. ఆ చిత్రాన్ని అడ్డంగా 95 సన్నని గడులుగా కోసినట్టు ఊహించుకోండి. ప్రామాణిక సైజులో ఒక్కో గడి వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. ఒక్కో గడి నల్లగానో తెల్లగానో ఉంటుంది. మొదట్లో నలుపు-తెలుపు-నలుపు మూడు గడులు హద్దు గీతలు, చివర్లో మళ్లీ అవే మూడు, నడుమ ఐదు గడుల హద్దు. మిగిలిన 84 గడుల్లో ఎడమ సగానికి 42, కుడి సగానికి 42. ఒక్కో అంకెకు ఏడేసి గడులు. మరి 84ను 7తో భాగించండి. 12 వస్తుంది.

కానీ కింద అచ్చు వేసిన అంకెలు 13!

ఒక అంకెకు గీతలే లేవు. ఎడమవైపు హద్దుకు అవతల ఒంటరిగా నిలబడి ఉంటుందే, ఆ మొదటి అంకె, దానికి గీతలు లేవు. మన దేశపు సరుకుల మీద ఎక్కువగా 890తో మొదలయ్యే నంబర్లే కనిపిస్తాయి కదా, వాటిలోని 8ని ఎవరూ గీయలేదు. అయినా స్కానరు ప్రతిసారీ దాన్ని సరిగ్గా చదువుతుంది. ఎక్కడ దాచారు దాన్ని?

ఒక్కో అంకెకు ఇచ్చిన ఏడు గడుల్లో రెండు నల్ల గీతలు, రెండు తెల్ల సందులు ఉండాలన్నది నియమం. తెలుపుతో మొదలై నలుపుతో ముగిసేలా ఇలా ఎన్ని రకాలుగా గీయవచ్చో లెక్కపెడితే సరిగ్గా 20 రూపాలు వస్తాయి. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఇప్పుడు ఒక్కో రూపంలో నల్ల గడులెన్నో చూడండి. 10 రూపాల్లో నల్ల గడులు బేసి సంఖ్యలో, 10 రూపాల్లో సరి సంఖ్యలో ఉంటాయి. మనకున్న అంకెలేమో 0 నుంచి 9 దాకా పది. అంటే ప్రతి అంకెకూ రెండు జతల బట్టలున్నట్టు: ఒకటి బేసి రూపం, ఒకటి సరి రూపం. ఏ జత తొడుక్కున్నా అంకె అదే.

అంకె అదే అయినప్పుడు ఏ జత తొడగాలన్న స్వేచ్ఛ మన చేతిలో మిగిలింది. దాచిన అంకె ఆ స్వేచ్ఛలోనే ఉంది. ఎడమ సగంలోని ఆరు అంకెల్లో ఏది బేసి, ఏది సరి అన్న వరుసే గీతలు లేని ఆ మొదటి అంకెను చెబుతుంది. బేసి, సరి, బేసి, సరి, సరి, బేసి అని వస్తే మొదటి అంకె 8. ఆరూ బేసి అయితే 0. మిగిలిన ఎనిమిది అంకెలకూ ఒక్కో వరుస ఉంది. కుడి సగంలోని ఆరు అంకెలకు మాత్రం బేసి రూపంలో నలుపు తెలుపులు తారుమారు చేసి వాడతారు. ఏడులో బేసి తీసేస్తే సరి కాబట్టి కుడివైపు అన్నీ సరి.

ఇప్పుడు ఉత్తరంలోని ప్రశ్నకు జవాబు దానంతటదే వచ్చేసింది చూడండి. ఏ వరుస తీసుకున్నా ఎడమ సగంలో మొదటి అంకె తప్పనిసరిగా బేసి రూపంలోనే ఉండేలా నియమం పెట్టారు. కుడి సగమంతా సరి. స్కానరు హద్దు గీతలు దాటి మొదటి అంకెను చదివినప్పుడు నల్ల గడులు బేసి అయితే సబ్బు తిన్నగా ఉందని అర్థం. సరి అయితే తలకిందులుగా ఉంది, చదివినదంతా వెనక నుంచి ముందుకు తిప్పుకుంటే సరిపోతుంది. ఏ బాణం గుర్తూ లేదు, ఒక్క గీత కూడా అదనంగా గీయలేదు. దిక్కు, దాచిన అంకె రెండూ ఆ బేసి-సరి తేడాలోనే ఇమిడిపోయాయి.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. భూతద్దం తీసుకుని 890తో మొదలయ్యే ఏ ప్యాకెట్ అయినా చూడండి. పొడవాటి రెండు సన్న గీతల తర్వాత మూడు గడుల వెడల్పున తెలుపు, ఒక గడి నలుపు, ఒక గడి తెలుపు, రెండు గడుల నలుపు. ఇది బేసి రూపంలో 9. వెంటనే ఒక గడి తెలుపు, ఒక గడి నలుపు, రెండు గడుల తెలుపు, మూడు గడుల లావు నలుపు. ఇది సరి రూపంలో 0. పప్పు ప్యాకెట్ అయినా టూత్‌పేస్టు అయినా, ఆ 890 ఉన్నంతవరకూ ఎడమ అంచు ఇలాగే ఉండి తీరుతుంది.

ఇదంతా ఒక్క రోజులో తేలిన వ్యవహారం కాదు. మొదట తప్పుదారి పట్టినవాళ్లు కూడా సామాన్యులు కారు. నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు అమెరికన్లు 1949లో దరఖాస్తు చేసి 1952లో పేటెంట్ పొందిన కోడ్ గుండ్రంగా, ఒకదానిలో ఒకటిగా వలయాలతో ఉండేది. వలయమైతే ఏ దిక్కు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కదా అన్నది వాళ్ల ఆలోచన. వినడానికి అద్భుతం. ఆర్‌సీఏ కంపెనీ 1972లో సిన్సినాటిలోని ఒక క్రోగర్ దుకాణంలో దాన్ని పరీక్షించి చూసింది కూడా. దాన్ని దెబ్బతీసింది అచ్చు యంత్రం. కాగితం పరుగెత్తే దిశలో సిరా కాస్త పులుముకుంటుంది. వలయం ఏదో ఒక పక్క పులుముకోక తప్పదు, అక్కడితో చదవడం కుదరదు. ఐబీఎంలో జార్జ్ లారర్ నిలువు గీతల్ని ఎంచుకున్నారు. కాగితం కదిలే దిశలోనే గీతలుంటే, సిరా పులుముకున్నా గీత కాస్త పొడవవుతుందే తప్ప లావవదు. 1973 ఏప్రిల్ 3న అమెరికా కిరాణా పరిశ్రమ ఈ గీతల్నే ఎంచుకుంది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలోని మార్ష్ సూపర్ మార్కెట్లో 67 సెంట్ల చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటి బీప్ మోగింది.

ఆ అమెరికా కోడ్‌లో అంకెలు 12. తర్వాత యూరప్ దేశాలకు 13వ అంకె కావాల్సి వచ్చింది. గీతలు పెంచితే పాత కోడ్‌తో పొత్తు కుదరదు. అందుకే బేసి-సరి వరుసలో దాచారు. అమెరికా కోడ్‌లో ఎడమవైపు ఆరూ బేసే కాబట్టి, అది ముందు 0 ఉన్న 13 అంకెల కోడ్‌గా చెల్లిపోయింది. పాత సరుకు ఒక్కటి కూడా మూలన పడలేదు. పాతదాన్ని చెడగొట్టకుండా కొత్తదాన్ని కలపడం ఎలాగో నేర్చుకోవాలనుకునే ఇంజినీర్లకు ఇంతకు మించిన పాఠం లేదు.

సిరా సంగతి ఇంకొంచెం ఉంది. దిశ ఎలా ఉన్నా సిరా ఒలికి గీతలన్నీ కొంచెం లావెక్కవచ్చు. అప్పుడు సందులు సన్నబడతాయి. వెడల్పుల్ని నమ్ముకుంటే మోసపోతాం. అందుకే ఒక గీత ఎడమ అంచు నుంచి తర్వాతి గీత ఎడమ అంచు దాకా కొలుస్తారు. రెండు గీతలూ సమానంగా లావెక్కితే ఆ దూరం మారదు! ఈ కొలత ఒక్కటే సరిపోని జంటలు రెండున్నాయి: 1-7, 2-8. ఆ రెండు జంటల్లో మాత్రం అంకెలోని రెండు గీతల మొత్తం లావు కూడా చూస్తారు. అక్కడ తేడా రెండు గడులు కాబట్టి కాస్త సిరా ఒలికినా ఇబ్బంది లేదు.

ఇంత శ్రద్ధగా అల్లిన వ్యవస్థ మీద అపోహలు కూడా అంతే శ్రద్ధగా అల్లుకున్నాయి. హద్దు గీతలు మూడూ 666 అనీ, సైతాను సంఖ్య అనీ ఒక ప్రచారం. కుడి సగంలోని 6 మొదట్లో కూడా రెండు సన్న గీతలుంటాయి, నిజమే. కానీ వాటి తర్వాత నాలుగు గడుల తెలుపు ఉంటేనే అది 6. హద్దులో ఆ తెలుపు లేదు. సందుల్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చిన పొరపాటిది. తెలుపు కూడా నలుపంత సమాచారమే.

మన వాట్సాప్‌లలో తిరిగే అపోహ వేరు: 890 ఉంటే స్వదేశీ సరుకు, 690 నుంచి 699 దాకా ఉంటే చైనా సరుకు అని. ఆ అంకెలు కంపెనీ ఏ దేశపు జీఎస్1 (ఈ నంబర్లు ఇచ్చే సంస్థ) దగ్గర నంబరు తీసుకుందో మాత్రమే చెబుతాయి. సరుకు ఎక్కడ తయారైందో చెప్పవు. ఇక్కడ నంబరు తీసుకున్న కంపెనీ విదేశంలో తయారు చేయించుకున్నా నంబరు 890తోనే మొదలవుతుంది. తయారైన దేశం తెలియాలంటే ప్యాకెట్ మీద అక్షరాల్లో చదువుకోవాలి. పుస్తకాల మీది 978 అయితే ఏ దేశానిదీ కాదు. పుస్తకాల కోసమే ఊహించుకున్న ఒక దేశానిది.

చివరి అంకె గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. అది తనిఖీ అంకె. 8901234567890 అనే నంబరును చూద్దాం. చివరి 0ని పక్కన పెట్టి, ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల్లోని అంకెలు కూడితే 28. సరి స్థానాల్లోవి కూడితే 34, దాన్ని మూడు రెట్లు చేస్తే 102. మొత్తం 130. ఇది పదితో నిశ్శేషంగా పోతుంది కాబట్టి తనిఖీ అంకె 0. ప్యాకెట్ నలిగి స్కాన్ కానప్పుడు నంబరు చేత్తో కొడుతూ 12ను 21గా కొట్టారనుకోండి. మొత్తం 132 అవుతుంది, చివర 8 ఉండాలి, ఉన్నది 0. కంప్యూటర్ ఒప్పుకోదు. ఒక్క అంకె తప్పు కొడితే ఈ లెక్క ప్రతిసారీ పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. దాదాపు అని ఎందుకన్నానంటే, 3, 8 లాంటి ఐదు తేడా ఉన్న జంట తారుమారైతే మొత్తం సరిగ్గా పది మారుతుంది, తప్పు జారిపోతుంది. 3కు బదులు 7తోనో 9తోనో హెచ్చించినా ఇదే గతి. ఒంటరి తప్పుల్ని పట్టాలంటే పదితో పొత్తు లేని బేసి సంఖ్యలే కావాలి, రెండు బేసి సంఖ్యల తేడా ఎప్పుడూ సరి సంఖ్యే. సరి సంఖ్యను ఐదుతో హెచ్చిస్తే పది గుణిజమే.

ఈ లోపాన్ని 1969లోనే డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హూఫ్ అధిగమించాడు. ఐదు భుజాల బొమ్మను తిప్పి బోర్లించడం వేరు, బోర్లించి తిప్పడం వేరు. వరుస మారితే ఫలితం మారే ఆ గణితంతో ఆయన కట్టిన తనిఖీ అంకె పక్కపక్క తారుమారులన్నిటినీ పట్టుకుంటుంది. మన ఆధార్ నంబరులో పన్నెండో అంకె అదే.

కొట్టుకు ఇదంతా ఏం ఉపయోగం అంటారా? ఒక ఉపయోగమూ, ఒక ఫిర్యాదూ ఉన్నాయి. ఫిర్యాదు: ఒకే సరుకు పాత ధరతో, కొత్త ధరతో ఒకేసారి అరలో ఉన్నా కోడ్ సాధారణంగా ఒకటే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు కౌంటర్ల దగ్గర ఇది బాగా తెలిసొచ్చింది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, ఒకే కోడ్‌కు రెండు ఎమ్మార్పీలుంటే ఏది వేయమంటారని అది అడుగుతుందో లేదో దగ్గరుండి చూసుకోండి. చాలామంది అమ్మకందార్లు ఈ సంగతి ఎత్తనే ఎత్తరు.

ఉపయోగం: లేజర్ స్కానరు బదులు కెమెరా ఉన్న స్కానరు కొనండి. 2027 చివరికల్లా ప్రపంచమంతటా కౌంటర్లు గీతల కోడ్‌తోపాటు క్యూఆర్ లాంటి చదరపు కోడ్‌ను కూడా చదవగలగాలని జీఎస్1 లక్ష్యం పెట్టుకుంది. చదరపు కోడ్‌లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా పడతాయి. గడువు తీరిన పాల పొడి డబ్బాను బిల్లు వేయకుండా యంత్రమే ఆపగలుగుతుంది. లేజర్ కిరణం ఒక్క అడ్డగీతలోనే చూస్తుంది కాబట్టి చదరాన్ని చదవలేదు. ఇక ఆ చదరంలో సరుకును గుర్తుపట్టేది ఇప్పుడున్న ఈ 13 అంకెలే. ముందు ఒక 0 చేర్చి 14 చేస్తారు. మూడు రెట్ల లెక్కను కుడి వైపు నుంచి మొదలుపెట్టినా ఫలితం ఒకటే కాబట్టి, ఎడమ చివర 0 చేరినందువల్ల తనిఖీ అంకె కూడా మారదు.