నాగార్జునకొండ: మునిగిన నగరము, తీరని ఋణము

కృష్ణకు రెండుదరులను సాగరు కాలువలక్రింద వరి పండించుకొనుచున్న రైతుమహాశయులలో, ఆ జలాశయముయొక్క యడుగున నొక రాజధాని యున్నదని స్మరించువా రెందరు? జొన్నకూటితో కాలము గడిపిన పల్నాటి మెట్ట నేడు వరియన్నము దినుచున్నది. సంతోషమే. కాని యీ యన్నమునకు మూల్యముగా మన పూర్వుల నగరమును జలార్పణము చేసితిమని మరచుట న్యాయము కాదు.

మూడువైపుల నల్లమల కొండలు, నాలుగవవైపున కృష్ణ. ఈ నడిమి లోయయందు క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా రాజ్యమేలిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆతని తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు దాత్రి. సింహళ భిక్షువులకు విహారమును, ఏటిదరిని కార్తికేయాది దేవతలకు ఆలయములును ఒక్క పురముననే యుండెను. మతభేదముల పేర కలహించువారికి ఇంతకుమించిన పాఠ మేమి కావలయును?

1926లో అచ్చటి ఉపాధ్యాయుడు సూరపరాజు వేంకటరామయ్యగారు ప్రాచీనస్తంభ మొకటి చూచి ప్రభుత్వమునకు తెలిపిరి. మరుసటి యేడు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వకములు మొదలిడెను. 1955 డిసెంబరు 10వ తేదిని నెహ్రూపండితుడు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయకు కాలము మూడినది. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున లోయయంతయు శోధింపబడినది. కొన్ని కట్టడములను విప్పి కొండమీదను, అనుపు దరిని మరల నిలిపిరి. 1966లో కొండపై ప్రదర్శనశాల వెలసినది. ఆనకట్ట వలదని యనువారము కాము. ఆకలిగొన్నవానికి శిల్పము చూపి తృప్తినొందు మనుట ధర్మము కాదు. అయినను, పుచ్చుకొన్నవాడు ఇచ్చినదానిని తలంపవలదా?

అమరావతి శిల్పములలో ననేకములు లండనుకును మద్రాసుకును తరలిపోయినవి. నాగార్జునకొండ సంపద చాలమట్టుకు పుట్టినచోటనే నిలిచినది. విజయపురి దక్షిణతీరమున పడవయెక్కిన చాలును. ప్రదర్శనశాలలో జాతకకథలు చెక్కిన సున్నపురాతి పలకలు, మునిగిన లోయయొక్క నమూనాలు కలవు. వానికంటె మనస్సును పట్టునవి ఛాయాస్తంభములు. మృతులకు స్మారకముగా నెత్తిన యీ స్తంభములు రాజులకే కాదు, సేనానులకు, భటులకు, శిల్పికిగూడ నిలుపబడినవి. నేటికిని కార్తికమాసమున అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల నారాధించు జనులను జూచినవారికి ఈ స్తంభములు పరాయివిగా తోపవు. చచ్చినవానిని మరువకుండుట ఈ సీమకు పాతవాడుక. తిరుగుదారిని అనుపులో ప్రాచీన రంగస్థలపు మెట్లపై నొక గడియ కూర్చుండుడు.

మనవారు పోకపోలేదు. పోయి, పడవ షికారు చేసి, చెట్లనీడ భోంచేసి, ప్రదర్శనశాలను పదినిముషములలో చుట్టి వచ్చుచున్నారు. ఇది యాత్ర కాదు. ఈసారి పిల్లలను వెంటగొని పొండు. ఒక్క స్తంభమునెదుట నిలిచి, అది యెవరికొరకు నిలుపబడెనో వారికి చెప్పుడు. కాలువనీటికి శిస్తు కట్టుచున్నాము. ఈ రెండవ శిస్తును వసూలు చేయుటకు ఏ తాసీల్దారును రాడు. మనంతట మనమే చెల్లింపవలసియున్నది.