సాగర్ కాలువలో పడవలెందుకు తిరగవు?

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడే కార్తీక మార్గశిరాల్లో, నాగార్జునసాగర్ నిండిన ఏడాదైతే, పల్నాడులోని వినుకొండ ప్రాంతంలో దాని కుడికాలువ గట్ల నిండా పారుతుంది. తెల్లవారుజామున నీటి మీద తెల్లటి ఆవిరి పొర కనిపిస్తుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది, దాన్ని తాకిన గాలీ చల్లబడుతుంది. నీరు అలా కాదు. అదే బరువున్న రాతితో పోలిస్తే ఒక డిగ్రీ చల్లబడడానికి అది నాలుగైదు రెట్ల వేడిని కోల్పోవాలి. అందుకే వేకువన కాలువ నీరు పైనున్న గాలి కంటే గోరువెచ్చగా ఉంటుంది. దాని నుంచి లేచిన ఆవిరి చల్లగాలి తగలగానే సన్నని తుంపరగా మారుతుంది, ఎండ పడగానే కరిగిపోతుంది. ఐరోపా ఉత్తర దేశాల్లో శరత్తు దాటితే కాలువలు గడ్డకట్టే భయం ఉండేది, పడవలు నడవాలంటే మంచును పగలగొట్టాల్సి వచ్చేది. మనకు ఆ బెడద లేదు. నీరు ముప్పై డిగ్రీల నుంచి ఇరవైకి చల్లబడితే చిక్కదనం పాతిక శాతం దాకా పెరుగుతుంది కానీ, పడవకు ఎదురయ్యే నిరోధంలో ఆ తేడా లెక్కలోకి రానంత స్వల్పం. కాబట్టి చలి అడ్డు కాదు, ఈ రుతువులో నీటికీ కొదవ లేదు. అయినా ఈ కాలువలో పడవ ప్రయాణం లేదు. దానికి కారణం అశ్రద్ధ కాదు, కాలువ నిర్మాణంలోనే ఉంది. పల్నాడు అవసరాలను బట్టి చూస్తే ఆ నిర్మాణమే సరైనదని నా అభిప్రాయం.

పడవకు కావలసింది నిలకడైన నీరు, తగినంత లోతు, వెడల్పు. పొలానికి నీరు చేర్చే కాలువకు కావలసింది పారుదల. నీరు మెల్లగా కదిలితే ఒండ్రు అడుగున పేరుకుంటుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది, చివరి భూములకు నీళ్లు అందవు. వడిగా కదిలితే తక్కువ వెడల్పులోనే ఎక్కువ నీరు పోతుంది, భూసేకరణా తవ్వకమూ తగ్గుతాయి. ఒకే కాలువ రెండు పనులూ చేయవచ్చు గానీ, రెంటికీ సరిపోయే కొలతలతో దాన్ని కట్టాలంటే చాలా ఖర్చు పెట్టాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల కాలువల్లో పడవలు తిరిగాయి కదా అని ఎవరైనా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. విజయవాడ ఆనకట్ట పని అదే ఏడాది మొదలై 1855లో ముగిసింది. ఆ కాలువలు సాగుకూ రవాణాకూ కలిపి కట్టినవి. రైళ్ల కంటే జలమార్గాలకే డబ్బు పెట్టాలని ఇంజనీరు ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించింది వీటిని చూపించే. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది కాబట్టి కృష్ణా డెల్టా ధాన్యం మద్రాసు దాకా నీటి మీదే పోగలిగేది. 1876-78 కరువులో కూలీలకు పని కల్పించడానికి బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించి, నాటి గవర్నరు పేరే దానికి పెట్టారు. డెల్టా చదును నేల కాబట్టి అక్కడ ఇది సాధ్యమైందనుకోవడం సగం నిజమే. విజయవాడ సముద్రమట్టానికి పదిహేడు పద్దెనిమిది మీటర్ల ఎత్తులో ఉంది, సముద్రం దాదాపు ఎనభై కిలోమీటర్ల దూరం. ఆ వాలంతటినీ పారే నీటికే వదిలేస్తే అక్కడా పడవకు ఇబ్బందే. దుగ్గిరాల వంటి చోట్ల కట్టిన లాకులు ఆ వాలును మెట్లుగా విరిచాయి. ఒక లాకు నుంచి మరో లాకు దాకా నీరు దాదాపు సమతలంగా, నెమ్మదిగా ఉంటుంది. పడవ లాకు గదిలోకి చేరాక తలుపులు మూసి, నీటిమట్టాన్ని పెంచో తగ్గించో, అవతలి తలుపు తెరుస్తారు. తాళ్లతో లాగిన పడవలు డెల్టాలో ఎదురు దిశకూ పోగలిగాయంటే కారణం ఆ లాకులు.

ఇప్పుడు సాగర్ కుడికాలువ సంగతి. ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. సుమారు 203 కిలోమీటర్ల ఈ కాలువను తల దగ్గర 11,000 క్యూసెక్కులకు రూపొందించారు. అంటే సెకనుకు దాదాపు 311 ఘనమీటర్లు. లైనింగు చేసిన పెద్ద కాలువల్లో నీరు సాధారణంగా సెకనుకు ఒక మీటరుకు అటూ ఇటూగా పారుతుంది. ఆ లెక్కన తల దగ్గర 311 చదరపు మీటర్ల అడ్డుకోత చాలు. పడవల కోసం వేగాన్ని మూడో వంతుకు తగ్గిస్తే అదే నీటికి 930 చదరపు మీటర్లు పైచిలుకు కావాలి. లోతు అంతగా పెంచలేం కాబట్టి వెడల్పే మూడింతలవుతుంది. బండరాయీ ఎర్రనేలా కలిసిన మెరక సీమలో అంత తవ్వకం, అంత భూమి ఎవరి పొలాల్లోంచి తీసేవారు? గుంటూరు నుంచి వినుకొండ మీదుగా నంద్యాలకు రైలు అప్పటికే నడుస్తోంది. పల్నాడు ఎదురుచూసింది సరుకు దారి కోసం కాదు, నీటి కోసం.

ఇంజను ఉన్న పడవకు ఎదురు ప్రవాహం ఒక లెక్కా అన్నది రెండో అభ్యంతరం. లెక్కే. సెకనుకు మీటరంటే గంటకు 3.6 కిలోమీటర్లు. నిలకడ నీటిలో గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోయే పడవ దిగువకు 11.6, ఎగువకు 4.4 వేగంతో పోతుంది. ఇరవై కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి నిలకడ నీటిలో అయిదు గంటలైతే, ఈ కాలువలో ఆరుంపావు గంటలు పడుతుంది. దిగువకు కలిసొచ్చిన సమయం ఎగువకు పోయినదానితో సరిపోదు. ఇంధనమూ ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. ఇంజను జోరు పెంచుదామంటే మరో హద్దు ఉంది. తక్కువ లోతు నీటిలో అల పోగల వేగానికి పరిమితి ఉంటుంది. మూడు మీటర్ల లోతులో అది గంటకు పంతొమ్మిదిన్నర కిలోమీటర్లు. నీటితో పోల్చి పడవ ఆ వేగానికి దగ్గరయ్యే కొద్దీ అలలు పెద్దవై, వెనక భాగం కుంగి, ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది. ఇరుకు కాలువలో ఈ ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. ఆ అలలు గట్లకు పదేపదే కొట్టుకుంటే లైనింగు పగుళ్లలోకి నీరు చేరి వెనకున్న మట్టి జారుతుంది. గండి పడితే నష్టపోయేది కింది రైతు.

దిగువకు మాత్రమే, యాత్రికుల కోసం, చలికాలంలో నడపవచ్చు కదా అనేవారికి నా సమాధానం ఇంకా సూటిగా ఉంటుంది. కాలువ పొడవునా రెగ్యులేటర్లు, డ్రాపులు, వంతెనలు, వాగుల్ని దాటించే కట్టడాలు ఉంటాయి, వాటిని కట్టేటప్పుడు పడవ దాటాలన్న షరతు లేదు. నీరు లాగేసే గేటు ముందు ఇంజను ఆగిపోతే పడవ ఆపడానికి చోటుండదు. ఏటవాలు సిమెంటు గోడ, దాని మీద పాకుడు. ఈతొచ్చినవారికీ అక్కడ పట్టు దొరకదు. మట్టి గట్టు కాలువలో చేతికందే గడ్డి, వేరు ఇక్కడ ఉండవు. మన నీటిలో చలికి ప్రాణం పోయేంత ముప్పు లేకపోయినా వడికీ నునుపుకీ ఉంది. పైగా ఆ నీటి మీద వారబందీ, అంటే వంతులవారీ పంపిణీ, నడుస్తుంది. లస్కరు తూము ఎత్తేదీ దించేదీ పైరును చూసి. పడవ వేళలకు తగ్గట్టు మట్టం నిలపాలంటే ఏదో ఒక మేజరు కాలువ కింద పొలం ఎండాలి. సాగర్ నిండని ఏడాది ఆరుతడికే నీళ్లు చాలవు, అప్పుడు పడవల మాటే ఉండదు.

మెరక సీమలో పడవ కాలువ కట్టిన ప్రయత్నమూ మనకుంది. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863 నుంచి 1870 దాకా సాగు, రవాణా రెంటికీ కట్టింది. కర్నూలు సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంటే కడప 140 మీటర్ల దగ్గర ఉంది. లాకుకు మూడు మీటర్ల చొప్పున దించినా నలభైకి పైగా లాకులు కావాలి. ఒక్కో లాకు దగ్గర ఆగుతూ పోయే సరుకు, రైలుతో పోటీ పడాలి. కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో కాలువ ప్రభుత్వం చేతికి వచ్చింది, పొలాలకు మాత్రం నేటికీ నీరిస్తోంది.

పల్నాడులో పడవకు తగిన నీరు లేదని దీని అర్థం కాదు. మాచర్ల వైపు విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలు పోయేది జలాశయంలోని నిలకడ నీటి మీదే. లోతూ వెడల్పూ అక్కడ పుష్కలం. నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించిన వాటిలో వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా కృష్ణా నది ఉంది. పల్నాడు సరుకు నీటి మీద పోవాలంటే దారి అదీ. ఆ దారిలో పులిచింతల ఆనకట్ట అడ్డంగా నిలిచి ఉంది. ఎగువ పడవ దిగువకు దిగాలంటే అక్కడ లాకు కావాలి, దాని అవతల ఎండాకాలంలోనూ పడవ తేలేంత లోతు నిలవాలి. పడవల కోసం డబ్బు పెట్టదలిస్తే ముందు లెక్క వేయవలసింది ఆ రెండింటికే.