‘హెక్టిక్’ మాటలో దాగిన జ్వరం

“ఈ వారమంతా చాలా హెక్టిక్‌గా ఉంది” అనే మాట నేడు కార్యాలయాల్లోనూ, పెళ్ళివారి ఇళ్ళలోనూ తరచు వినిపిస్తుంది. ఊపిరి సలపనంత పని అని దాని భావం. చెప్పేవారి కంఠంలో విసుగుతోపాటు కొంత గర్వం కూడా ధ్వనిస్తుంది. కాని ఈ ఇంగ్లీషు విశేషణం కొన్ని శతాబ్దాలపాటు మనుషులను బలిగొన్న ఒక జ్వరానికి పేరు.

దీనికి మూలం ‘హెక్టికోస్’ అనే గ్రీకు పదం. అలవాటుగా మారినది, దేహంలో స్థిరపడినది అని అర్థం. వచ్చి పోయే జ్వరాలకు భిన్నంగా, శరీరాన్ని అంటిపెట్టుకొని నానాటికీ కృశింపజేసే జ్వరాన్ని ప్రాచీన వైద్యులు ఈ పేరుతో వ్యవహరించారు. ఫ్రెంచి భాష ద్వారా ఈ పదం 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో ప్రవేశించింది. సాయంకాలం పెరిగి, రాత్రి చెమటలు పట్టించి, ఉదయానికి తగ్గే క్షయరోగి జ్వరం ‘హెక్టిక్ ఫీవర్’ అయింది. పాలిపోయిన అతని చెక్కిళ్ళపై తేలే ఎరుపు ‘హెక్టిక్ ఫ్లష్’. చూసేవారికి అది ఆరోగ్యకాంతిగా తోచేది. వైద్యునికి మాత్రం ప్రమాదసూచిక.

ఆ తాపం, ఆ కలవరం క్రమంగా పనుల తొందరకు ఉపమానమైనాయి. బొంబాయిలో జన్మించిన రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1904లో వెలువడిన తన కథల సంపుటంలో హడావిడి నిండిన రోజుకు ఈ విశేషణం వాడాడు. కొత్త అర్థానికి లభించిన తొలి ప్రయోగాలలో అది ఒకటి.

నేటి వాడుకలో ఈ కుటుంబపు పదాలు పనులు పంచుకున్నాయి. ‘ఫెబ్రైల్’ వైద్యుని మాట. పసిపిల్లలకు జ్వరతీవ్రతలో వచ్చే మూర్ఛ ‘ఫెబ్రైల్ ఫిట్స్’. ‘ఫీవరిష్’ ఒంటి వెచ్చదనానికీ, మనసు ఆత్రుతకూ చెల్లుతుంది. ‘హెక్టిక్’ పనికే పరిమితమైంది. ఒంట్లో బాగాలేనివారు ఆ మాట వాడితే, విన్నవారు పనిభారమనే అనుకుంటారు. మన ‘జ్వరం’ కూడా ఎన్నికల జ్వరం, క్రికెట్ జ్వరం అంటూ ఒంటిని దాటి వెళ్ళినదే.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నాడు. 1943లో స్ట్రెప్టోమైసిన్ లభించింది. పదం పాత అర్థాన్ని వదులుకున్నా, రోగం మాత్రం మన దేశాన్ని వదలలేదు. ప్రపంచంలో అత్యధిక క్షయరోగులు భారతదేశంలోనే ఉన్నారు. రెండు వారాలు దాటిన దగ్గు గాని, సాయంకాలపు జ్వరం గాని, కారణం తెలియని బరువు తగ్గుదల గాని ఉంటే పరీక్ష అవసరం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. మందులకు లొంగే సాధారణ క్షయ ఆరు నెలల క్రమమైన చికిత్సతో నయమవుతుంది. పని ఎంత హెక్టిక్‌గా ఉన్నా, ఆ పరీక్షను మాత్రం వాయిదా వేయరాదు.