మైన్‌క్రాఫ్ట్‌లో లేని దెయ్యం

మైన్‌క్రాఫ్ట్ ఆటలో రాత్రి ఏడు నిమిషాలే. పగలు పది నిమిషాలు, రెండు సంధ్యలు కలిపి మూడు, మిగిలింది రాత్రి. అయినా ఆట కొత్తగా మొదలుపెట్టిన పిల్లల్ని అడగండి, ఆ మొదటి రాత్రి ఎంతకీ తెల్లవారలేదనే చెబుతారు. చేతిలో ఆయుధం ఉండదు, దాక్కోవడానికి ఇల్లుండదు. పొద్దు గుంకగానే ఎక్కడి నుంచో జాంబీల మూలుగులు మొదలవుతాయి. చాలామంది చేసే పని ఒకటే: కొండ పక్కన గొయ్యి తవ్వుకుని, అందులో దూరి, పైన మట్టి కప్పుకుని, తెల్లవారేదాకా కదలకుండా కూర్చోవడం.

ఇంట్లో పిల్లలు ఆడుతుంటే చూడడమే తప్ప ఆట సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇది స్వీడన్‌లో పుట్టిన ఆట. మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామర్ 2009లో తొలి రూపాన్ని జనం ముందు పెట్టాడు. ఆటగాళ్లకు ఆయన నాచ్‌గా పరిచయం. నేల, చెట్టు, రాయి, నీరు అన్నీ బ్లాకులే. ఒక్కో బ్లాకు మీటరు పొడవు, మీటరు ఎత్తు. తవ్వుకోవచ్చు, పేర్చి కట్టుకోవచ్చు. ఫలానా పని చేసి తీరాలన్న నిబంధన లేదు, ముందే రాసిపెట్టిన కథ లేదు. 2014లో మైక్రోసాఫ్ట్ ఈ ఆటను తయారుచేసే సంస్థను 250 కోట్ల డాలర్లకు కొనేసింది. 2023 నాటికి ఆట 30 కోట్ల కాపీలు దాటింది.

కథ లేని ఆటకు ఇన్ని దెయ్యం కథలు ఎక్కడివన్నదే ఇక్కడ ప్రశ్న.

మంట చుట్టూ కూర్చుని భయపెట్టే కథలు చెప్పుకోవడం అమెరికాలో వేసవి శిబిరాల పిల్లలకు పాత అలవాటు. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌కి ఐర్లండ్, స్కాట్లండ్ వలసదారులతో వెళ్లిన మూలాలున్నాయి. ఆ పూట గుమ్మడికాయకు కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెడతారు, పిల్లలు వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు దసరా, దీపావళి సందడికి అటో ఇటో ఇదీ కలిసిపోయింది. టీవీ ధారావాహికలు ఈ సీజన్లో ప్రత్యేక భాగాలు వేస్తాయి. 'ది సింప్సన్స్' 1990 నుంచి వేస్తున్న 'ట్రీహౌస్ ఆఫ్ హారర్' భాగాలు అలాంటివే. వాటిలో ఎవరు చచ్చినా పై వారానికి మామూలే. అసలు కథకు లెక్కలోకి రాని కథ కనుక రచయితలు పగ్గాలు వదిలేస్తారు. వీడియో గేములు పట్టుకున్నదీ ఆ దారినే.

జపాన్‌లో ఎడో కాలంనాటి ఒక వినోదంలో ఈ కథల కిటుకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నూరు దీపాలు వెలిగించి దెయ్యం కథలు మొదలుపెడతారు, ఒక్కో కథ అయ్యాక ఒక్కో దీపం ఆర్పుతారు. కథలు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. చివరి దీపం ఆరితే ఏదో వస్తుందని నమ్మకం. అందుకే చాలామంది తొంభైతొమ్మిదో కథ దగ్గరే ఆపేసేవారట.

వెలుతురు తగ్గితే ఏదో వస్తుందన్న ఆ నమ్మకం మైన్‌క్రాఫ్ట్‌లో లెక్కల సూత్రం. ఆటలో ప్రతి చోటుకీ 0 నుంచి 15 వరకు వెలుతురు అంకె ఒకటి ఉంటుంది. కాగడా పెట్టిన చోట అది 14, అక్కడి నుంచి ఒక్కో బ్లాకు దూరం జరిగేకొద్దీ ఒక్కో అంకె తగ్గుతుంది. 2021 చివరిదాకా ఆ అంకె 7 లేదా అంతకంటే తక్కువ ఉన్న చోట రాక్షసులు పుట్టేవి. తర్వాత నియమం బిగించి, పూర్తిగా సున్నా అయిన చోటనే పుట్టేలా మార్చారు. 2019లో చలిమంట కూడా ఆటలో చేరింది. దాని వెలుతురు 15, అంటే పూర్తి స్థాయి. ఒకేసారి నాలుగు మాంసం ముక్కలు పెడితే అర నిమిషంలో కాలుతాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మంట దేన్నీ తరిమికొట్టదు. దాని వెలుగులో రాక్షసులు పుట్టవు, అంతే. వెలుగు అంచు అవతల పుట్టినది మెల్లగా నడుచుకుంటూ మంట దగ్గరికి రావచ్చు, వస్తుంది కూడా. కథ చెప్పేవాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసే భయం ఈ ఒక్క నియమంలో ఇమిడిపోయింది.

పండగ పూట ఆట తయారుచేసేవాళ్లు ఊరుకోలేదు. 2010 అక్టోబరు 30న హాలోవీన్ అప్‌డేట్ పేరుతో నెదర్ అనే నరకలోకాన్ని తెరిచారు. పసిపిల్లల్లా ఏడుస్తూ నిప్పు ఉమ్మే తెల్లని గాస్ట్‌లు అప్పుడే వచ్చాయి. ఆ ఏడుపు వెనక ఉన్నది ఆట సంగీతకారుడు డేనియల్ రోజెన్‌ఫెల్డ్ పెంచుకున్న పిల్లి అరుపు. 2012 అక్టోబరులో మంత్రగత్తెలు, గబ్బిలాలు, విథర్ అనే మూడు తలల భూతం చేరాయి. మీ కంప్యూటరు గడియారం అక్టోబరు 31 చూపిస్తుంటే ఆ రోజు పుట్టే జాంబీల్లో, అస్థిపంజరాల్లో సుమారు నాలుగింట ఒకటి తలకు గుమ్మడికాయ తగిలించుకుని వస్తుంది.

2016లో 'క్యాంప్‌ఫైర్ టేల్స్' పేరుతో స్కిన్‌ల ప్యాక్ ఒకటి అమ్మకానికి పెట్టారు. స్కిన్ అంటే మన బొమ్మకు తొడిగే వేషం. ఒక్కో వేషం చలిమంట కథలో ఒక్కో పాత్ర. ఓల్డ్ డిగ్గీ, ర్యాన్సిడ్ ఆన్, సముద్రం మింగేసిన కెప్టెన్... పేర్లలోనే సగం కథ ఉంది. సరదా అయిన పనే గానీ, వాటిని తలుచుకుని రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకున్న పిల్లలుంటారని నేననుకోను. ఒక్క ఫార్లాండర్ పేరు మాత్రం పాత ఆటగాళ్లను కాస్త తట్టి ఉంటుంది.

ఎందుకంటే ఫార్ ల్యాండ్స్ నిజంగా ఉండేవి. తొలినాళ్ల ఆటలో లోకం మధ్యనుంచి ఒకే దిక్కుగా కోటీ పాతిక లక్షల బ్లాకులకు పైగా నడిస్తే నేల రూపు మారిపోయేది. ఆకాశాన్నంటే గోడలు, వాటి నిండా తొర్రలు, ఎటు చూసినా మెలితిరిగిన రాయి. ఎవరూ రూపకల్పన చేసింది కాదది. నేలను పుట్టించే లెక్కలో అంకెలు కంప్యూటరు పట్టగలిగిన హద్దు దాటి పొంగిపోవడం వల్ల జరిగిన పొరపాటు. ఒక్కో బ్లాకు మీటరు కనుక ఆ దూరం 12,550 కిలోమీటర్లు, భూగోళం వ్యాసానికి ఇంచుమించు సమానం. 2011లో లెక్క సరిచేయడంతో అవి మాయమయ్యాయి. ఒక అమెరికన్ ఆటగాడు మాత్రం అదే ఏడాది, పాత వెర్షన్‌లోనే ఉండిపోయి, అక్కడికి కాలినడకన బయలుదేరాడు. ఆ నడకను చూపిస్తూ పిల్లల ఆసుపత్రుల కోసం విరాళాలు పోగుచేస్తూ ఏళ్ల తరబడి నడిచాడు.

ఇక అసలు దెయ్యం దగ్గరికి వద్దాం. దాని పేరు హీరోబ్రైన్. 2010లో ఇంటర్నెట్‌లో ఒక ఫొటో, దానికింద చిన్న కథనం కనిపించాయి. చెప్పినవాడి పేరు లేదు. ఒంటరిగా ఆడుకుంటున్నాడట. పొగమంచులో ఏదో కదిలితే ఆవేమో అనుకుని దగ్గరికి వెళ్లాడట. అది మనిషి బొమ్మ. అందరికీ మొదట్లో వచ్చే వేషమే, కళ్లు మాత్రం తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. తలమీద పేరు లేదు. చూస్తుండగానే మంచులోకి పోయింది. తర్వాత అదే లోకంలో రెండు బ్లాకుల వెడల్పున తిన్నగా తవ్విన సొరంగాలు, సముద్రం మధ్య ఇసుకతో కట్టిన చిన్న పిరమిడ్‌లు, ఆకులన్నీ తెంపేసిన చెట్లు కనిపించాయి. దాని గురించి అడిగిన చోటల్లా అతని ప్రశ్నలు చెరిగిపోయాయట. అది నాచ్ చనిపోయిన తమ్ముడని చివర్లో ఒక సూచన.

నాచ్‌కు అలాంటి తమ్ముడెవరూ లేడు, ఆ మాట ఆయనే చెప్పాడు. ఆగస్టులో ఒక ఆటగాడు ప్రత్యక్ష ప్రసారంలో హీరోబ్రైన్‌ను 'చూపించాడు'. గోడకు తగిలించే పెయింటింగ్ బొమ్మను మార్చి పెట్టిన గారడీ అని తర్వాత తేలింది. అయినా కథ ఆగలేదు. ఎందుకు ఆగలేదో చూస్తే ఆ అనామక రచయిత చాతుర్యం తెలుస్తుంది.

మొదటిది పొగమంచు. అప్పటి ఆట దూరంగా ఉన్న నేలను గీయలేకపోయేది. కంప్యూటరు మీద భారం తగ్గించడానికి కొంత దూరం తర్వాత అంతా మంచుతో కప్పేసేది. ప్రతి ఆటగాడూ రోజూ ఆ తెల్లని తెరలోకే చూస్తున్నాడు. రచయిత కొత్తగా ఏమీ కల్పించలేదు, దాని వెనక ఒకణ్ని నిలబెట్టాడు. రెండోది ఒంటరితనం. జాంబీ వస్తే భయమే, కానీ జాంబీ ఆటలో భాగం. నేనొక్కడినే ఉన్నాననుకున్న లోకంలో మరో 'ఆటగాడు' తిరుగుతుండడం వేరు. మూడోది సాక్ష్యాలు. ఈ ఆటలో ఒక్కో లోకం ఒక్కో అంకె నుంచి మొలుస్తుంది, దాన్ని విత్తనం అంటారు. మీరు నిలబడిన మూల మీకంటే ముందు ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అక్కడ ఇసుక దిబ్బ కాస్త నలుచదరంగా ఉంటే, చెట్టుకు ఆకులు తక్కువుంటే, అది యాదృచ్ఛికమని మీకు రుజువు చేసేవాళ్లెవరూ లేరు. కథ చదివిన ప్రతివాడూ మర్నాడు ఆటలోకి వెళ్లి సాక్ష్యం వెతుక్కున్నాడు, వెతికినవాడికి దొరికింది.

కంపెనీ స్పందన నాకు బాగా నచ్చింది. ఆ పేరుకు అంత గిరాకీ ఉన్నప్పుడు హీరోబ్రైన్‌ను నిజంగానే ఆటలో పెట్టేసి సొమ్ము చేసుకోవచ్చు. వాళ్లు ఆ పని చేయలేదు. 2011 నుంచి, కొత్త వెర్షన్‌లో చేసిన మార్పుల జాబితాలో 'హీరోబ్రైన్‌ను తొలగించాం' అని ఒక వాక్యం చేర్చడం మొదలుపెట్టారు. తర్వాతి జాబితాలో మళ్లీ అదే, ఆ తర్వాతా అదే. తొలగించామంటే ఉన్నట్టేగా, ఇన్నిసార్లు తొలగించాల్సి వచ్చిందంటే పోవడం లేదన్నట్టేగా అని పిల్లలు లెక్క వేసుకున్నారు. భయపెట్టడానికి ఇంతకంటే తక్కువ ఖర్చు ఉండదు.

2021 జనవరిలో మైన్‌క్రాఫ్ట్@హోమ్ అనే ఔత్సాహికుల బృందం ఎందరో వాలంటీర్ల కంప్యూటర్లను కలిపి లెక్కలు చేయించి, ఆ పాత ఫొటోలోని చెట్లు, గుట్టల ఆధారంగా దాని విత్తనాన్ని పట్టేసింది. ఇప్పుడు ఎవరైనా పాత వెర్షన్ తెరిచి సరిగ్గా ఆ చోట నిలబడవచ్చు. చెట్లున్నాయి, మంచు ఉంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. గుహలో నడుస్తుంటే ఉన్నట్టుండి మూలుగో, దూరపు రైలు కూతో, గాలి ఈల లాంటిదో వినిపిస్తుంది. ఎక్కడా ఏమీ ఉండదు. కంప్యూటర్లో ఆడే ఇప్పటి జావా ఎడిషన్‌లో దీని వెనక 'మూడ్' అనే లెక్క ఉంది. మీ చుట్టుపక్కల చోట్లలో ఏదో ఒకదాన్ని ఆట తరచూ పరీక్షిస్తుంది. అక్కడ చీకటి అయితే అంకె కాస్త పెరుగుతుంది, వెలుతురైతే తగ్గుతుంది. నూరు శాతం చేరగానే ఒక శబ్దం వదిలి మళ్లీ సున్నాకు వస్తుంది. ఎఫ్3 నొక్కితే ఆ శాతం తెరమీద కనిపిస్తుంది. అది తొంభై దాటుతుండగా చూస్తూ కూర్చోవడం, నా మటుకు నాకు, తెలియకపోవడం కంటే భయంగా ఉంటుంది.

తర్వాత వచ్చిన రాక్షసుల్ని చూస్తే తయారీదారులు పాత కథల నుంచి ఏం నేర్చుకున్నారో అర్థమవుతుంది. ఒక్కోదానికి ఒక్కో నిషేధం. 2011లో వచ్చిన పొడవాటి నల్లని ఎండర్‌మ్యాన్ కళ్లలోకి చూడకూడదు. స్లెండర్ మ్యాన్ అనే ఇంటర్నెట్ దెయ్యం దానికి ప్రేరణ. 2022లో వచ్చిన వార్డెన్‌కు కళ్లే లేవు, అందుకే చప్పుడు చేయకూడదు. మన బొమ్మ ప్రాణశక్తి 20 అయితే దానిది 500. చంపినా చేతికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. తప్పించుకోవడమే దానితో ఆడే ఆట. 2024లో వచ్చిన క్రీకింగ్‌తో చూపు తిప్పకూడదు, చూస్తున్నంతసేపూ అది కదలదు. దాన్ని ఎంత కొట్టినా చావదు. దాని గుండె దగ్గర్లో ఒక చెట్టు మానులో ఉంటుంది, వెతికి పగలగొడితేనే పోతుంది. బాలనాగమ్మ కథ విన్నవాళ్లకు మాయల ఫకీరు ప్రాణం చిలకలో దాచిన వైనం చటుక్కున గుర్తొస్తుంది. దెయ్యాన్ని గుర్తుంచుకునేలా చేసేది దాని కోరల కంటే మనం పాటించాల్సిన ఆ ఒక్క నియమమే.

ఇంట్లో చిన్నపిల్లలు ఈ ఆట ఆడుతూ భయపడుతుంటే చేయదగిన పని ఒకటుంది. సెట్టింగుల్లో కష్టస్థాయిని 'పీస్‌ఫుల్'కి మార్చండి, జాంబీల్లాంటి రాక్షసులు రావు. గుహ శబ్దాలు మాత్రం అప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటికి శబ్దాల మెనూలో 'యాంబియెంట్' అని వేరే మీట ఉంది, దాన్ని సున్నాకు తగ్గించాలి.