ఇసుకలో ఉన్నదేమిటి? కొవ్వాడలో పెడతామన్నదేమిటి?

ఉద్దానంలో ఏ ఊళ్ళో సమావేశం పెట్టినా, కూలి రేట్లు, పింఛన్ల సంగతి అయ్యాక ఎవరో ఒకరు లేచి అడుగుతున్నారు: "మన సముద్రపొడ్డు ఇసుకలో అణు పదార్థం ఉందట కదా, కిడ్నీలు పోతున్నది దానివల్లేనా?" రణస్థలం వైపు వెళితే ఇంకో ప్రశ్న: "కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తే మా గతేటి?" రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. అయితే అణువు అంటే ఏమిటో కూలిజనానికి తిన్నగా చెప్పినవాళ్ళు లేరు. తెలియని చోట భయమైనా పెరుగుతుంది, గుడ్డి నమ్మకమైనా పెరుగుతుంది. రెండింటివల్లా నష్టపోయేది మనమే. కనుక మొదటినుంచీ చెప్పుకుందాం.

పరమాణువు లోపల

ఇసుక రేణువైనా, జీడిగింజైనా, మన ఒళ్ళైనా పరమాణువులతో అయినదే. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. పరమాణువు వంద మీటర్ల పొలమంత ఉందనుకుంటే, కేంద్రకం ఆ పొలం మధ్యలో ఒక చోడి గింజంత. కాని బరువంతా దాదాపు ఆ గింజలోనే. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు అనే కణాలు బిగిసి ఉంటాయి. ఇనుము, రాగి వంటి వాటి కేంద్రకాలు నిలకడగా ఉంటాయి. యురేనియం, థోరియం వంటి బరువైనవాటికి ఆ నిలకడ లేదు. మోతకు మించి బస్తాలెత్తిన బండిలాగ, కొంత జారిస్తే గాని కుదుటపడవు. అలా విసిరే కణాలనూ కిరణాలనూ కలిపి రేడియోధార్మికత అంటారు. యురేనియంలో దీన్ని 1896లో హెన్రీ బెకెరెల్ కనిపెట్టాడు. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే కొత్త మూలకాలను బయటపెట్టారు.

ఇవి మూడు రకాలు. ఆల్ఫా కణాలను కాగితం ముక్క ఆపేస్తుంది, మన చర్మమే ఆపేస్తుంది. బీటా కణాలకు పలచని అల్యూమినియం రేకు చాలు. గామా కిరణాలకు మందపాటి సీసమో కాంక్రీటు గోడో కావాలి. అలాగని ఆల్ఫా మంచిదని కాదు. బయట ఉన్నంతసేపే అది మెత్తన. ఊపిరితోనో తిండితోనో లోపలికి పోతే అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది అదే.

దీన్ని లోకానికి తెలిపినవాళ్ళు కార్మిక స్త్రీలు. అమెరికాలోని న్యూజెర్సీలో 1917 నుంచి గడియారం ముఖాల మీద చీకట్లో వెలిగే రేడియం రంగు పూసే పని ఆడపిల్లలు చేసేవారు. కుంచె మొన సన్నగా ఉండాలని పెదాలతో తడుపుకునేవారు. ఏం కాదని యాజమాన్యం చెప్పింది. రేడియం సున్నం లాగ ఎముకల్లో చేరింది. దవడలు కుళ్ళాయి, చాలామంది చనిపోయారు. ఐదుగురు స్త్రీలు దావా వేసి పోరాడితే 1928లో కంపెనీ పరిహారానికి దిగొచ్చింది. పలాసలో జీడిగింజలు ఒలిచే మన ఆడవాళ్ళకు జీడిపాలు తగిలితే చెయ్యి అప్పుడే కాలుతుంది, జాగ్రత్తపడతారు. రేడియం అలా చెప్పి కాల్చదు. అందుకే కొలత కావాలి.

సగం సగం లెక్క

వంద కుంచాల రేడియోధార్మిక పదార్థం ఉంటే, ఒక గడువు నాటికి అందులో సగం మారిపోయి యాభై మిగులుతుంది. మళ్ళీ అంతే గడువుకు ఇరవై ఐదు. ఈ గడువునే అర్ధాయువు అంటారు. అయోడిన్ 131కి ఇది 8 రోజులు, సీసియం 137కి 30 ఏళ్ళు, థోరియానికి సుమారు 1,400 కోట్ల ఏళ్ళు. ఆయువు పొడుగైతే అపాయం ఎక్కువనుకోకండి. నిదానంగా కరిగేది నిదానంగానే విసురుతుంది. అదే బరువు సీసియం థోరియం కన్నా కోట్ల రెట్లు చురుకు.

మన ఇసుక, మన రాయి

భీమునిపట్నం నుంచి శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు దాకా తీరంలో నల్లటి చారలు కనబడతాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మెనైటుది. దానితోపాటు గార్నెట్, జిర్కాన్, కొద్దిగా మోనజైట్ ఉంటాయి. థోరియం ఉన్నది ఈ మోనజైట్‌లోనే. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడు నూటికి 8 నుంచి 10 పాళ్ళు. ఇది బయటపడిన కథ కొబ్బరి పీచు పనివాళ్ళకు తెలియాలి. 1909లో షోమ్‌బెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాన్కూరు నుంచి ఎగుమతైన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో దీన్ని గుర్తించాడు.

కేరళ కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో ఈ ఖనిజం చాలా ఎక్కువ. అక్కడ సుమారు 70 వేల మందిని 1990 నుంచి 2005 వరకు పరిశీలించి 2009లో ప్రచురించారు. నేలనుంచి వచ్చే కిరణాలవల్ల క్యాన్సర్ పెరిగినట్టు అందులో తేలలేదు. ఇసుక మీద నడిచినంత మాత్రాన చచ్చిపోం అని దీని అర్థం. కాని ఇసుకను తవ్వి, జల్లించి, మోనజైట్‌ను వేరుచేసి గుట్టపోసే చోట పనిచేసే కూలీకి ఈ లెక్క వర్తించదు. ఆ ధూళి పీలిస్తే ఆల్ఫా లోపలికి పోయినట్టే.

టెక్కలి నీలి గ్రానైటు సంగతీ అడుగుతున్నారు. ఏ గ్రానైటులోనైనా యురేనియం, థోరియం, పొటాషియం ఇంతో అంతో ఉంటాయి. మన ఒంట్లో ఉన్న పొటాషియమే సెకనుకు నాలుగు వేలకు పైగా కిరణాలు విసురుతుంది. క్వారీలో కార్మికుణ్ణి చంపేది ముందుగా రాతిపొడి, అంటే సిలికోసిస్. కిరణాల మాట పట్టుకుని ముక్కుకు మాస్కు, డ్రిల్లింగుకు నీటి తడి అడగడం మరిచిపోతే యజమానికే లాభం.

కిడ్నీ జబ్బు

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరు, బీపీ వంటి మామూలు కారణాలు లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే. నీళ్ళలో సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, దాహం తీరకుండా ఎండలో చేసే గొడ్డుచాకిరీ... వీటన్నిటినీ పరిశోధకులు వెతుకుతున్నారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని రుజువు కాలేదు.

ఇసుకలోని కిరణాల మాటకొస్తే, మోనజైట్ నీళ్ళలో కరిగే రకం కాదు. యురేనియం వేరు, అది బోరు నీళ్ళలో కరగగలదు. అది కిడ్నీని చెరిచేది కూడా కిరణాలతో కన్నా సీసం, కాడ్మియం లాగ రసాయన విషంగానే. లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. కనుక ఇసుకను తిట్టుకుని ఊరుకోవడం కాదు, ఊరి బోరు నీళ్ళ లెక్క అడగాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. ఆ పరిశోధన ఫలితం తెలుగులో మన ఊళ్ళకు చేరాలి.

కొవ్వాడ

1938లో జర్మనీలో ఒట్టో హాన్, స్ట్రాస్‌మాన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే కేంద్రకం రెండుగా చీలింది. చీలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి ఇంకొన్నిటిని చీలుస్తాయి. గడ్డివాములో నిప్పు పాకినట్టు ఇది పాకుతుంది. అదుపు లేకుండా పాకనిస్తే హిరోషిమా బాంబు. న్యూట్రాన్లను మింగే కడ్డీలతో అదుపు చేస్తే రియాక్టర్. ఒక కిలో యురేనియం 235 పూర్తిగా చీలితే రెండు వేల టన్నులకు మించిన బొగ్గు కాల్చినంత వేడి. ఆపైన అంతా థర్మల్ కేంద్రం పద్ధతే: నీళ్ళు ఆవిరై టర్బైను తిప్పుతుంది. బొగ్గు పొగ ఉండదు, నిజమే. బొగ్గు కేంద్రాలకు ఎదురు నిలిచి 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో తూటాలు తిన్న ఈ జిల్లా ఆ మాట కూడా విని తూచాలి.

అయితే బొగ్గు పొయ్యికీ దీనికీ ఒక తేడా ఉంది. కడ్డీలు దించి ఆపేసినా ఈ పొయ్యి ఆరదు. చీలిన ముక్కలు రేడియోధార్మికం గనుక వేడి పుడుతూనే ఉంటుంది. ఆపిన క్షణంలో పూర్తి వేడిలో నూటికి ఆరేడు పాళ్ళు, ఒక రోజు గడిచినా అరపాలు. నీళ్ళు తిరుగుతూనే ఉండాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. వెనక వచ్చిన సునామీ జనరేటర్లను ముంచింది, పంపులు ఆగాయి, మూడు రియాక్టర్లు కరిగాయి.

కొవ్వాడలో ప్రతిపాదించినవి వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ 1000 రకం రియాక్టర్లు ఆరు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. కరెంటు పోయినా, మనిషి చెయ్యి పడకపోయినా, పై తొట్టెలోని నీళ్ళతో 72 గంటలు తనంతట తానే చల్లబడుతుందని తయారుచేసినవాళ్ళు చెబుతున్నారు. ఫుకుషిమా నాటి యంత్రాల కన్నా అది మెరుగే. కాని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితోటలు నేలకూలి, దారులు మూసుకుపోయి, ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. నాలుగో రోజు నీళ్ళు ఎవరు, ఏ దారిన తెస్తారు? ఈ ప్రశ్న అడగడానికి ఇంజనీరు కానక్కర్లేదు, తిత్లీ చూసిన కూలీ చాలు.

ఏం అడగాలి?

కిరణాల మాట ఎవరు ఎత్తినా, భయపెట్టేవాణ్ణీ, భరోసా ఇచ్చేవాణ్ణీ, మూడు మాటలు అడగండి: ఏ రకం కిరణం? ఎంత మోతాదు? బయటినుంచా, లోపలికి పోయా? ప్రకృతిలో ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. మన ఊరిది ఎంతో కొలిచి చెప్పమనండి.

ఇసుక తవ్వేచోట ధూళి లెక్క, కార్మికుల ఆరోగ్య పరీక్ష కాగితాలు అడగండి. బోరు నీళ్ళ ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయమనండి. కొవ్వాడలో వాడేసిన ఇంధనాన్ని ఎక్కడ, ఎన్నాళ్ళు దాస్తారో, సముద్రంలో వదిలే వేడినీళ్ళకు చేపలవేట ఏమవుతుందో, పట్టా లేని కూలీకి ఏమిస్తారో ముందే రాతలో తీసుకోండి. కూలి డబ్బులు లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకోం కదా. ఇదీ అంతే.