మీకు తెలుసా? కదలు బొమ్మకు మొదటి ఫ్రేమే ప్రాణము

1960 వఱకు చిత్తూరు జిల్లాలో నుండి, పిదప మద్రాసు రాష్ట్రమునఁ జేరిన తిరుత్తణి ప్రాంతమందు, పొదటూరుపేట వంటి నేతయూళ్ళలో తెలుఁగు నేఁటికిని వినవచ్చును. అచ్చటి వస్త్రవర్తకుఁ డెవఁడేని ఆడికృత్తిక పండుగ బేరమునకై, చీరకొంగు విప్పారు గిఫ్ బొమ్మను ఈమెయిలున నంపఁదలఁచినచో, ముందుగాఁ దెలియవలసిన దొకటి కలదు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ వెలువరించిన యీ రూపమున నొక్కొక్క ఫ్రేమునకు 256 వర్ణములే పరిమితి. కావున జరీమెఱపులోని సూక్ష్మచ్ఛాయలు చుక్కలుగాఁ జెదరుటయే కాక, మరల మరల వచ్చు వర్ణక్రమములను మాత్రమే చక్కఁగాఁ గుదింపఁగల దాని సంపీడనవిధానమునకు లొంగక, ఫైలును ఉబ్బించును. అంచును, నేపథ్యమును నిశ్చలముగా నుంచి, కొంగును మాత్రమే కదల్చి, ప్రతిఫ్రేమునందును మాఱిన భాగమునే భద్రపఱచుట మేలైన యుపాయము. వర్ణములను 64కుఁ దగ్గించుట సాదా నూలుచీరకుఁ జెల్లును. పట్టుచీరకు మాత్రము, నా మతమున, అది యపచారమే! ఇఁక విండోసుపై నడచు అవుట్‌లుక్ 2007 మొదలు 2016 వఱకుఁ గల కూర్పులు మొదటి ఫ్రేమునే చూపి యాఁగిపోవును గనుక, విప్పారిన కొంగు, ధర, తేది ఆ తొలిఫ్రేమునందే యుండవలయును.